నాకు ఇల్లున్నది

కోరుట్ల
6 నవంబర్ 1988

చిన్నబాపుకు పుష్పలత నమస్కరించి రాయునది.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మీరు రెండోసారి జపాన్ పోయి, ఇక తిరిగిరాని ఏడాది నాకు పదేళ్లు. మీ అన్న బాపురావు గారి బిడ్డను. ఇప్పుడు కోరుట్లలో ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతున్నాను. నా పెళ్లి సంగతి, అది ముగిసిన సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. రాయకపోయినా పెద్ద నష్టం లేదు.

బాపు పోయి ఏడాదయింది. సంవత్సరీకం అయ్యాక ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. కొత్త సంవత్సరానికి మీరు పంపిన కార్డులు ఇరవై ఆరు, వరుస తప్పకుండా దారంతో కట్టి ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాయలేదని అమ్మ బతికున్నప్పుడు అంటుండేది. పారెయ్యలేదని నాకు ఇప్పుడు తెలిసింది. మీ చిరునామా దొరికింది వాటి మీదనే.

అసలు సంగతి ఇది. మన ఊళ్లోని గడిని, అంత పెద్ద ఇంటిని, మేము డెబ్బై తొమ్మిదిలో వదిలేసి జగిత్యాల వచ్చేశాం. రైతుకూలీ సంఘం వాళ్లు జెండాలు పాతిన భూములు బీడు పడ్డాయి. గడికి అప్పుడు వేసిన తాళం అట్లనే ఉంది. పోయిన నెల ఊరి నుంచి లింగన్న వచ్చాడు. మన ఇంట్లో జీతమున్న చిన్నయ్య కొడుకు. వచ్చి కుర్చీ తనే లాక్కొని కూర్చున్నాడు. నాకు ఒక్క క్షణం ఎట్లనో అనిపించింది, తరువాత సంతోషమనిపించింది.

"టీచరమ్మా, పిల్లలు పశుల కొట్టంల కూసుండి చదువుతున్నరు. మాస్టర్లను పంపుతం గని బడికి ఇల్లు చూపియ్యుమని సర్కారోళ్లు అంటున్నరు. గడి ఉత్తగనే పడున్నది గదా. ఇస్తరా?" అన్నాడు.

"మరి వాళ్లేమంటరు లింగన్నా?" అన్నాను. వాళ్లంటే అడవిలో ఉన్నవాళ్లు.

"బడి అంటే అన్నలు ఎందుకు వద్దంటరు?" అన్నాడు.

తాత రాసిన కాగితంలో గడి సగం మీ పేరు మీద ఉంది. మీరు సంతకం చేస్తేనే పంచాయతీకి రాసివ్వగలను. కాగితం ఇందులో పెడుతున్నాను. మీ మాట కోసం చూస్తుంటాను.

పుష్పలత


నీగాటా జిల్లా, జపాన్
29 నవంబర్ 1988

చిరంజీవి పుష్పకు చిన్నబాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం పట్టుకొని వసారాలో చాలాసేపు కూర్చున్నాను. తెలుగు అక్షరం చూసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానుకున్నాను. నా రాతలో తప్పులుంటే నీ పిల్లలవి దిద్దినట్టే దిద్దుకో. ఒక్కో మాట కోసం కలం పట్టుకొని ఆగవలసి వస్తున్నది. అన్న పోయాడని రాశావు. ఇక్కడి పద్ధతిలో దీపం పెట్టాను. కార్డులు దాచాడన్న మాట మళ్లీ మళ్లీ చదివాను.

ఇక్కడ ఇది మంచు వచ్చే ముందరి కాలం. ఇల్లు పాతది. మీ పిన్ని ఫుమి తాత కట్టించాడు. మందమైన గడ్డి కప్పు, నేలంతా చాపలు, గదికీ గదికీ మధ్య కాగితం అంటించిన జరిగే తలుపులు. దక్షిణం దిక్కు పొడవునా చెక్క వసారా. అక్కడ కూర్చుంటే తోట కనబడుతుంది. పెద్దదేమీ కాదు, మన గడి ముందటి వాకిలిలో మూలకు పడుతుంది. ఒక పైన్ చెట్టు, నాలుగు మేపుల్ చెట్లు, చేతులు కడుక్కునే రాతి తొట్టి, నడవడానికి పరిచిన బండలు, నేలంతా పచ్చటి నాచు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా చెట్టు నడుమ గుంజ పాతి, ఒక్కో కొమ్మను వరిగడ్డి తాడుతో గుంజకు కట్టాలి. ఇదివరకు నేను నిచ్చెన మీద ఉంటే ఫుమి కింద నుంచి తాడు అందించేది. ఆమె పోయి మూడేళ్లు. ఇప్పుడు తాళ్లన్నీ మెడలో వేసుకొని ఎక్కుతున్నాను.

గడి గురించి కొన్ని సంగతులు రాయి. దక్షిణం వైపు రెండు అర్రలుండేవి. వాటి కప్పు కురుస్తున్నదా? బావి నీళ్లు తాగేటట్టు ఉన్నాయా? ఊరికి బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది?

కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

చిన్నబాపు
శశిధర్ రావు


కోరుట్ల
24 డిసెంబర్ 1988

చిన్నబాపుకు నమస్కారాలు.

మీ ఉత్తరం తెచ్చిచ్చిన పోస్ట్‌మ్యాన్ భూమన్న, "ఇగో టీచరమ్మా, మీ జపాను కాగితం. పోలీసాయన ఒకలు దీన్ని ఎండకు పట్టి చూసిండు. ఏం గనవడలే," అని నవ్వాడు. ఇక్కడ ఇప్పుడు అన్నిటినీ ఎండకు పట్టి చూస్తున్నారు. జగిత్యాల పోయే బస్సును రెండుసార్లు ఆపుతారు, సంచులు దింపుతారు. నా సంచిలో పిల్లల పరీక్ష కాగితాలు తప్ప ఏముంటాయి?

మీ తోట గురించి రాసింది రెండుసార్లు చదివాను. నేనుండేది అద్దె ఇంట్లో రెండు అర్రలు. ముందరి అర్రలో పడుకుంటాను, వెనుక దాంట్లో వండుకుంటాను. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఎవరైనా ఉంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. వసారాలో కూర్చుంటే తోట కనబడే ఇల్లు మీకుంది. సంతోషం.

గడిని నేను తొమ్మిదేళ్లుగా చూడలేదు. లింగన్నను అడిగితే, "దక్షిణపు అర్రల దూలాలు గట్టిగనే ఉన్నయి. బావిల నీళ్లున్నయి. బస్సు పొద్దున ఒకటి, పొద్దుమీకి ఒకటి," అన్నాడు. ఎందుకడుగుతున్నారని మాత్రం నావైపు అదో రకంగా చూశాడు.

కాగితం భద్రంగా ఉందన్నారు. సంతకం సంగతి రాయలేదు.

పుష్పలత


నీగాటా జిల్లా
18 జనవరి 1989

చిరంజీవి పుష్పకు ఆశీస్సులు.

మంచు కిటికీల సగం దాకా వచ్చింది. పగలు కూడా దీపం పెట్టుకుంటున్నాను. పాలవాడు తప్ప ఎనిమిది రోజులుగా ఎవరూ రాలేదు. వాడితో ఆడిన మాటలు అన్నీ కలిపితే పది కావు.

నేను మొదట వచ్చింది యాభై ఏడులో, జపాను పద్ధతి వరి సాగు నేర్చుకొని రమ్మంటే. ఈ ఇంట్లోనే దించారు. ఫుమిని చేసుకుంటానన్నప్పుడు అన్న ఏమన్నాడో నీకు తెలిసే ఉంటుంది. ఆమెతో గడి గడప తొక్కవద్దన్నాడు. ఇక్కడ మా మామగారు కూడా అంతే. పెళ్లయ్యాక మూడేళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున నా చేతికి వెదురు పుల్ల ఇచ్చి నాచు చూపించాడు. నాచులో మొలిచిన గడ్డిని వేరు తెగకుండా, నాచు చిరగకుండా పుల్లతో లేపి తీయాలి. మోకాళ్ల మీద కూర్చొని చేసే పని. దొర కొడుకును, అప్పటిదాకా దేనికీ వంగినవాణ్ని కాదు. నడుము పట్టేసి మూడో రోజు ఏడ్చాను. ఆయన చూశాడు. పక్కన కూర్చొని తను కూడా పీకడం మొదలుపెట్టాడు. మన పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్లు పొద్దంతా వంగే ఉండేవారు గదా, వాళ్ల నడుముల గురించి నేను ఆ రోజుదాకా అనుకోనేలేదు పుష్పా.

గడి విషయంలో తొందరపడవద్దు. అంతా బడికే ఇవ్వాలా? దక్షిణపు అర్రలు రెండు ఉంచుకుంటే పిల్లలకు తక్కువవుతుందా? నాకు కొంత గడువు కావాలి. కారణం అడగవద్దు.

చిన్నబాపు


కోరుట్ల
20 ఫిబ్రవరి 1989

చిన్నబాపుకు,

కారణం అడగవద్దన్నారు. అడగను. మీరు అడగని సంగతి ఒకటి నేనే చెబుతాను.

డెబ్బై ఒకటిలో, వేసవిలో, లింగన్నకు జ్వరమొచ్చి చిన్నయ్య పొద్దున పనికి ఆలస్యంగా వచ్చాడు. బాపు అతన్ని గడి వాకిట్లో స్తంభానికి కట్టించాడు. పొద్దు గుంకేదాకా. "దొరా, పోరనికి పానం బాగలేకుండె దొరా," అని అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి అనడం మానేశాడు. దక్షిణపు అర్ర కిటికీలోంచి అంతా కనబడేది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నేను కిటికీ రెక్క మూసుకొని చదువుకున్నాను. ఆ తరువాత చిన్నయ్య కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు.

ఆ అర్రలే మీకు కావాలి. ఎందుకు? ఏటా వచ్చి చూసుకుంటారా? వాటి విలువ కట్టించాలా? అంత తోట, అంత వసారా ఉన్నవారికి ఇక్కడి నాలుగు గోడలతో పనేముంది? మా దగ్గర మనుషులను కట్టేస్తుంటే మీరక్కడ నాచులో గడ్డి ఏరుకుంటున్నారు. మీకు ఆ ఇల్లుంది. ఆ పిల్లలకు పశువుల కొట్టం ఉంది.

సంతకం చేస్తే చేయండి. లేకుంటే కాగితం తిప్పి పంపండి.

పుష్పలత


నీగాటా జిల్లా
22 మార్చి 1989

పుష్పకు,

సంతకం చేశాను. మన రాయబార కార్యాలయం ముద్ర కావాలన్నారు కనుక టోక్యో పోయి వేయించుకొని వచ్చాను. దక్షిణపు అర్రలు కూడా కలిపి అంతా బడికే ఇచ్చెయ్యి.

నా గురించి ఆలోచించకు. నాకు ఇక్కడ ఇల్లున్నది.

చిన్నయ్య బతికి ఉన్నాడా? రాయి.

శశిధర్ రావు


కోరుట్ల
18 జూన్ 1989

చిన్నబాపుకు నమస్కారాలు.

బడి మొదలయింది. ఎనభై మూడు మంది పిల్లలు. పదేళ్ల తరువాత నేను ఆ గడప దాటాను. ఆవరణంతా సర్కారు తుమ్మలు మొలిచి ఉంటే ఊరివాళ్లే కొట్టేశారు. చిన్నయ్య బతికే ఉన్నాడు. ఎడమ చేత్తో కర్ర పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. "ఈడికేలి ఇనవడుతుంది తీ," అన్నాడు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. కిటికీ సంగతి చెబుదామనుకొని పోయాను. చెప్పలేకపోయాను.

నేను ఆ తరువాత రాసిన ఉత్తరానికి మీరు జవాబివ్వలేదేమని ఇన్నాళ్లూ బాధపడ్డాను. మొన్న భూమన్న చెప్పాడు. ఫిబ్రవరి ఆఖరులో బందు రోజు ఒక బస్సు తగలబెట్టారు కదా, తపాలా సంచి అందులోనే ఉందట. అంటే ఆ ఉత్తరం మీకు చేరలేదు. కోపంతో రాసినదాన్ని డబ్బాలో వేసిన వారానికే అది రాశాను. నన్ను క్షమించమని, నేను మూసిన కిటికీకి మిమ్మల్ని తిట్టానని రాశాను. లింగన్నతో మాట్లాడాను, దక్షిణపు అర్రలు మీ పేరునే ఉంచితే ఊరికి అభ్యంతరం లేదన్నాడు, రావాలనుంటే రండి అని కూడా రాశాను. మీ సంతకం వచ్చినప్పుడు అది చదివి కూడా వద్దనుకున్నారని అనుకున్నాను.

ఇప్పుడా అర్రల్లో మూడో తరగతి కూర్చుంటున్నది. మీకు ఇల్లుంది కాబట్టి సరిపోయింది గానీ, నేనెంత మాట అన్నాను!

పుష్ప


జపాన్
9 జూలై 1989

చిరంజీవి పుష్పకు ఆశీస్సులు.

కాలిన ఉత్తరం గురించి బాధపడకు. అది అందినా నేను చేసే పని అదే. మూడో తరగతి పిల్లలకు ఆ అర్రలు చల్లగా ఉంటాయి.

ఇక్కడ వానాకాలం. నాచు పచ్చగా పొంగింది. రాతి తొట్టి నిండి పొర్లుతున్నది. వసారాలో కూర్చొని టీ తాగుతుంటే గడ్డి కప్పు చూరు నుంచి నీళ్లు వరుసగా జారుతుంటాయి. ఫుమి ఆ చప్పుడు వింటూ కునుకు తీసేది. నేను బాగున్నాను. పొద్దుటి పూట తోటలో పని, తరువాత చదువు. ఏ లోటూ లేదు.

కవరు మీద చిరునామా మారింది చూసి ఉంటావు. పాత పోస్టాఫీసు దూరమవుతున్నదని స్టేషన్ దగ్గర ఒక గది చిరునామా వాళ్లకు ఇచ్చాను, నీ ఉత్తరాన్ని అక్కడికే మళ్లించారు. ఇకమీదట దానికే రాయి.

చిన్నయ్యకు నువ్వు చెప్పదలచుకున్నది చెప్పు. ఆలస్యమయితే చెప్పలేవు. అది నాకు తెలిసిన సంగతి.

చిన్నబాపు


కోరుట్ల
17 సెప్టెంబర్ 1989

చిన్నబాపూ,

నాకు ఫుమి పిన్ని మేనల్లుడు కెంజి భార్య నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. అల్మారాలో నా కవర్లు దొరికితే చిరునామా చూసి రాసిందట. మీకోసం తెలుగులో పెడుతున్నాను.

"మామయ్య క్షేమంగా చేరారా? చేరినట్టు ఉత్తరం రాలేదని నా భర్త దిగులు పడుతున్నాడు. అత్తయ్య పుట్టిల్లు మా మామగారి తరువాత మాకు వచ్చింది. పాతబడింది కనుక కూల్చి కొత్తది కట్టుకుందామని రెండేళ్లు అనుకున్నాం. మామయ్యకు కొత్త ఇంట్లో గది ఉంచుతామన్నాం. ఆయన నవ్వి, 'నాకు ఇండియాలో ఇల్లున్నది, అరవై గదులు, నా కోసమే చూస్తున్నది,' అన్నారు. ఏప్రిల్‌లో ఇల్లు కూల్చాం, అప్పటి నుంచి ఆయన మా దగ్గరే ఉన్నారు. తోట ఉన్నచోట కార్లు నిలిపే జాగా చేశాం. పైన్ చెట్టు ముసలిది, తరలిస్తే బతకదన్నారు. రాతి తొట్టిని ఓడలో పంపిస్తామంటే, తన ఇంట్లో రాళ్లకు కొదవ లేదన్నారు. జూన్ మొదట్లో మేమంతా స్టేషన్‌కు పోయి ఆయనను రైలెక్కించాం."

ఏ స్టేషన్‌లో దిగారు చిన్నబాపూ? రెండోదా, మూడోదా? జూలైలో నాకు వాన గురించి, చూరు గురించి రాసినప్పుడు ఎక్కడ కూర్చొని రాశారు?

బావి నీళ్లు ఎందుకడిగారో ఇప్పుడు తెలిసింది. నేను విలువ కట్టించడానికా అని రాశాను.

లింగన్నను పిలిపించి అంతా చెప్పాను. ఊరికి పోయి మూడో రోజు మళ్లీ వచ్చాడు. "అప్పుడైతె అయితుండె టీచరమ్మా. ఇప్పుడు పంచాయతీది. దొర తమ్ముడు తిరిగచ్చి గడిల పండుకున్నడంటె మాట వేరేగ పోతది. ఆయనకూ మంచిది గాదు, నాకూ గాదు. మా నాయినను గూడ అడిగిన. రానియ్యిరా అన్నడు మా నాయిన. గని నాయిన ఒక్కని మాట నడువది," అన్నాడు. వెళ్లబోతూ గడపలో ఆగి, "మీ తాన జాగ లేదా?" అన్నాడు.

నాకు ఆ మాట అంతవరకు ఎందుకు తోచలేదో!

నా దగ్గర రెండు అర్రలున్నాయి. ముందరిది మీకు. నేను వంటింట్లో పడుకుంటాను. తోట లేదు. ఇంటివాళ్ల బట్టలు ఆరేసే జాగా ఉంది, అది కూడా వాళ్లదే. మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు. సాయంత్రం తాళం తీయకుండా తలుపు తట్టడం నాకు చాలు.

మీరు చేరారని, క్షేమమని కెంజి భార్యకు రాసేశాను. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యవలసింది మీరు.

మీ బిడ్డ
పుష్ప


హైదరాబాద్
4 డిసెంబర్ 1989

పుష్పా,

నేను వచ్చి ఆరు రోజులయింది. నీకు తెలియజేయలేదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాను.

మూడో స్టేషన్‌లో దిగాను. వాళ్లు ప్లాట్‌ఫారం మీద వంగి వంగి దండాలు పెడుతుంటే నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. మొక్కలమ్మే ఒకాయన దగ్గర నీళ్లు పోసే పనిలో కుదిరాను. నువ్వు చదివిన వాన అతని రేకుల షెడ్డు మీద పడినది. మిగతాది పడుకొని గుర్తు చేసుకొని రాశాను. అబద్ధమని అనిపించలేదు. ఆ ఇల్లు ఇంకా ఉన్నట్టే, రాస్తున్నంతసేపు.

నువ్వు రమ్మని రాసిన ఉత్తరం రెండు నెలలు జేబులో పెట్టుకొని తిరిగాను. ఉన్న సామాను ఒక పెట్టెలో పట్టింది. వచ్చాను. కానీ ఇక్కడి నుంచి కదలలేకున్నాను. చుట్టూ అందరూ తెలుగే మాట్లాడుతున్నారు, నాకు అర్థమవుతుంది, జవాబు చెప్పబోతే నోటికి జపాను మాట వస్తున్నది. రెండుసార్లు బస్టాండుకు పోయి జగిత్యాల బోర్డున్న బస్సు ముందు నిలబడ్డాను. "ఎక్కుతవా తాతా, ఎక్కవా?" అన్నాడు కండక్టరు. బస్సు పోయింది. అన్న గడప తొక్కవద్దన్నాడు, ఇప్పుడా గడపే మనది కాదు. అయినా ఆ దారిన పోయే బస్సు ఎక్కలేకపోతున్నాను. అరవై ఏళ్లవాణ్ని, నీ వంటింటి మీద పడడానికి వస్తున్నానని కూడా ఒక సిగ్గు.

లాడ్జి మేనేజరు రోజూ రిజిస్టరు పట్టుకొని వస్తున్నాడు. "సార్, ఇంటి అడ్రసు దగ్గర ఉత్తగ ఇడిసిపెట్టిన్రు. పోలీసోళ్లు చూస్తరు, నన్నంటరు. ఏదో ఒకటి రాయుండ్రి," అంటున్నాడు. కలం తీసుకుంటాను. రేపు రాస్తానని చెప్పి ఇచ్చేస్తాను. ఇన్నాళ్లూ అటు కెంజికి, ఇటు నీకు ఇల్లున్నదని చెప్పినవాణ్ని, ఆ కాగితం మీద మాత్రం రాయలేకపోతున్నాను.

నువ్వు కోపగించుకోకు.

చిన్నబాపు


కోరుట్ల
7 డిసెంబర్ 1989

చిన్నబాపూ,

మీ ఉత్తరం బడికే తెచ్చిచ్చాడు భూమన్న. కవరు మీద లాడ్జి చిరునామా ఉంది. శనివారం దాకా పరీక్షలున్నాయి. ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరుతాను. దారిలో సోదాలున్నా మధ్యాహ్నానికి చేరతాను. మీరు బస్టాండుకు పోవద్దు. గదిలోనే ఉండండి. మీకు నా ముఖం తెలియదు. నేను గుర్తుపడతాను.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చోండి. కండక్టరుతో నేను మాట్లాడతాను.

ఈ ఉత్తరం అందగానే కిందికి పోయి రిజిస్టరు అడగండి. ఆ ఖాళీలో ఇట్లా రాయండి:

శశిధర్ రావు, ఇంటి నంబరు 5-3-41, ఆడపిల్లల బడి వెనుక వీధి, కోరుట్ల.

పుష్ప